తాత గోలీలు, చిన్నమ్మ మంట

పోయిన నెల నాకు ఒంటికి పోతే మంట మొదలైంది. ఈ వయసులో ఇది మామూలేనని మా కోడలు దగ్గర్లోని దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పకుండానే రెండు మాటలు అడిగి పరీక్షకు రాసిచ్చింది. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. దాన్ని నింపి, మూత బిగించి, మీద నా పేరు అంటించుకుని, అందరూ చూస్తుండగా హాలు నడుమ నుంచి నడిచి వచ్చి కూర్చున్నాను. నా పక్కన కాలేజీ పిల్ల ఒకతి అలాంటి డబ్బానే కుర్చీ చేతి మీద పెట్టుకుని ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నది. "యూరిన్ ఇన్ఫెక్షనే, ఏం కాదు, సాయంత్రం సినిమాకు వస్తా" అంటున్నది. ఆ పిల్లను చూసి నాకు ముచ్చటేసింది. ఈ జబ్బు పేరు నోటితో అనలేక మా ఇంటి ఆడవాళ్లు పడ్డ తిప్పలు, వాళ్లకు చక్కెర గోలీలతో నయం చేద్దామని మా తాత పడ్డ తిప్పలు వరుసగా యాదికొచ్చాయి. నంబరు పిలిచేదాకా నేను ఆ హాల్లో లేను, భువనగిరిలో మా పాత ఇంట్లోనే ఉన్నాను.

మా ఇల్లు గుట్ట కింది గల్లీలో ఉండేది. భువనగిరి గుట్ట అంటే మట్టీ చెట్లూ ఉన్న గుట్ట కాదు, ఒక్కటే నున్నటి రాయి. పగలంతా ఎండను తాగి సాయంత్రం నుంచి ఆ వేడినంతా మా గల్లీ మీదికి వదిలేది. అందుకని ఇంటి ముందు అరుగుల మీద ఎండాకాలం ఎవరూ కూర్చునేవారు కాదు. ఇంటి బతుకంతా వెనుక దొడ్లోనే. అక్కడ ఒక వేపచెట్టు, చేదబావి, ఆ బావికి అవతల మూలకు జాలారు. జాలారంటే నడుమెత్తు గోడ కట్టి, కింద బండలు పరిచిన జాగా. ఆడవాళ్ల స్నానాలకైనా, పగటిపూట ఒంటికి పోవాలన్నా అదొక్కటే. మిగతా అవసరానికి తెల్లారకముందే చెంబులు పట్టుకుని గుట్ట వెనుకకు పోయేవాళ్లు.

మాది వ్యవసాయం చేసుకునే కుటుంబమే అయినా తాత రైల్వేలో సరుకుల లెక్కలు రాసే మాల్ గుమస్తాగా కొలువు చేశాడు. స్టేషన్‌లో ఆయనతో పాటు ఒక బంగాళీ బాబు పనిచేసేవాడట. ఒకసారి తాతకు ఎక్కిళ్లు పట్టి ఎంతకీ ఆగకపోతే ఆ బాబు నాలుక మీద రెండు తెల్లటి గోలీలు వేశాడట. ఎక్కిళ్లు ఆగాయి. అవి ఆగే ముందు తాత ఒక బిందెడు నీళ్లు తాగాడనీ, ఊపిరి బిగబట్టాడనీ, ఎవరో వెనుకనుంచి వచ్చి బెదిరించారనీ అవ్వ ఎప్పుడూ గుర్తుచేసేది. తాత మాత్రం గోలీలకే మొక్కాడు. బాబు బదిలీ అయి పోతూ తన దగ్గరున్న హోమియోపతి మందుల పెట్టె, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తాతకు ఇచ్చిపోయాడు. తాత కొలువు దిగాక అదే ఆయన పని అయింది. టేకు పెట్టె, అందులో గళ్లు, గళ్లలో వేలంత గాజు బుడ్లు, బిరడాలు. పెట్టె తెరిస్తే సన్నగా స్పిరిట్ వాసన వచ్చేది. ఆ వాసన నాకు ఎంతిష్టమంటే, చేతిలో పలక ఉన్నా పక్కన పెట్టి వెళ్లి ముక్కు పెట్టేదాన్ని.

ఆ పెట్టె మా వంటింటిని ఏలింది. ఘాటు వాసనలు తగిలితే మందు బలం పోతుందట. ఎల్లిగడ్డ నూరాలంటే తాత అర్ర తలుపు మూసి ఉన్నదో లేదో చూసుకోవాలి. ఇంగువ పోపు పెడితే దొడ్లోంచే కేకేసేవాడు. దేవుని దగ్గర కప్పురం వెలిగించడం మానమన్నప్పుడు మాత్రం అవ్వ కొంగు దోపుకుని లేచింది. "మీ బాబు ఇచ్చిన పేలాలకు నా దేవునికి లంకె పెట్టకు" అన్నది. చివరికి ఒప్పందం కుదిరింది. అవ్వ కప్పురం వెలిగించినప్పుడల్లా తాత పెట్టెను చంకన పెట్టుకుని వేపచెట్టు కిందికి పోయేవాడు, చంటిపిల్లను ఎత్తుకుపోయినట్టు.

పొద్దున అంబలి తాగి వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళదాకా తాత లేచేవాడు కాదు. వెనుక గల్లీలోంచి దొడ్డిదారిన జనం వచ్చేవారు. బండ్లవాళ్లు, దుకాణాలవాళ్లు, స్టేషన్ హమాలీలు. పైసలు తీసుకోడు కాబట్టి వచ్చినవాళ్లు తొందరగా పోరు. మందు పుచ్చుకున్నవాడు కూడా బీడీ ముట్టించుకోబోయి, తాత కళ్లెర్రజేస్తే చెవిలో దోపుకుని, ముచ్చట వింటూ కూర్చునేవాడు. కాసేపు ఇంటికి పోయి మళ్లీ పొద్దుగూకే ముందు అందరూ చేరేవారు. దొడ్డి ఎప్పుడూ మొగవాళ్లతో నిండి ఉండేది.

ఆ ఎండాకాలం మొదట మంట పట్టింది నాకే. నాకప్పుడు పావడా మీద ఓణీ వేసుకోమని అమ్మ చెప్పడం మొదలుపెట్టిన వయసు. నిమిషం నిమిషానికీ పోవాలనిపించేది, పోతే నిప్పు కణికలు. ఏడ్చుకుంటూ అమ్మకు చెప్పాను, అమ్మ అవ్వకు చెప్పింది, అవ్వ నోరు మూయమన్నది. ఆ తర్వాత పల్లేరుకాయలు దంచి కషాయం కాచింది. తాతకు నేనే పోయి చెప్పాను. చిన్నపిల్లను కదా, నాకింకా సిగ్గు పూర్తిగా రాలేదు.

తాత అందరినీ పంపించి పుస్తకం ముందేసుకున్నాడు. ఆయన వైద్యంలో మందుకన్నా ప్రశ్నలు ఎక్కువ.

"మంట ఒంటికి పోకముందా, పోతున్నప్పుడా, పోయినంకనా?"

"ఎప్పుడూ తాతా."

"అట్ల కాదు. జర యాద్జేసుకుని చెప్పు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క మందు. దూప అయితాందా?"

"అయితాంది గని తాగుతలేను."

"చల్లగ కావాలనిపిస్తాందా, ఎచ్చగనా? ఎడమపక్క పండుకుంటవా, కుడిపక్కనా? కలలేమొస్తున్నయి?"

కలల దగ్గర నాకు నవ్వాగలేదు. తాత నవ్వలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చదివి, కాంథారిస్ అనే బుడ్డి తీసి నాలుగు గోలీలు నాలుక మీద వేశాడు. అది దేంతో చేస్తారని అడిగితే, ఆకుపచ్చ పురుగుతో అన్నాడు. నేను ఉమ్మేయబోతే దవడ పట్టుకున్నాడు. "పురుగు ఎక్కడున్నదే, దాని నీడ గూడ లేదు అండ్ల" అని సముదాయించాడు. ఆ మందును అంత పలచన చేస్తారనీ, ఆయన అన్నది నిజమేననీ తర్వాత పెద్ద చదువులు చదువుకున్నాక తెలిసింది.

నాకు నయమైంది. గోలీలతోనా, పల్లేరు కషాయంతోనా, అమ్మ చాటుగా తాగించిన బార్లీ నీళ్లతోనా అని ఇంట్లో చాలా రోజులు వాదన నడిచింది. "నా కాంథారిస్" అని తాత, "నా పల్లేరు" అని అవ్వ. బాపు మాత్రం, "ఎవలు గెలిచినా పిల్ల బతికింది, అన్నం పెట్టుండ్రి" అనేవాడు.

చిన్నమ్మ సంగతి ఆ తర్వాతే. మా బాపు తమ్ముని భార్య. పోచంపల్లి దిక్కు నుంచి వచ్చిన పిల్ల, పెండ్లయి ఎక్కువ కాలం కాలేదు. చిన్నాయిన హైదరాబాదులో మిల్లులో కొలువు, సెలవుకు వచ్చిపోయేవాడు. చిన్నమ్మ సన్నగా, నెమ్మదిగా ఉండేది. తాత ఎదురుపడితే కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటుకు పోయేది. అంతకుముందు ఒకసారి నెల తప్పి, కడుపు పోయింది. మళ్లీ నెల తప్పినప్పుడు అవ్వ ఆమె చేత బిందె కూడా ఎత్తించేది కాదు. అలాంటి చిన్నమ్మ ఒకరోజు బియ్యం చెరుగుతూ చెరుగుతూ చాట పక్కనపెట్టి పండ్లు బిగబట్టింది. మొహమంతా చెమట. నాకు వెంటనే అర్థమైంది. నేను పడ్డదే కదా. "నీకు గూడనా చిన్నమ్మా?" అన్నాను. "చెప్పకు" అన్నది. కానీ పక్కనే ఉన్న అమ్మ విన్నది.

అవ్వ మళ్లీ పల్లేరుకాయలు దంచింది. తగ్గలేదు. చివరికి తాత దాకా పోయింది. అయితే కోడలు మామతో మాట్లాడదు కదా. మధ్యాహ్నం జనం పోయాక తాత నడింట్లో పుస్తకం, పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నమ్మ అర్ర తలుపు వెనుక. నడుమ గడప మీద అవ్వ. తాత అడిగింది అవ్వ లోపలికి చెప్పాలి, చిన్నమ్మ చెప్పింది అవ్వ బయటికి చెప్పాలి.

"మంట ముందు పుడుతాందా, ఎనుక పుడుతాందా అడుగు" అన్నాడు తాత.

అవ్వ లోపలికి వంగింది. చిన్నమ్మ గుసగుసగా చాలాసేపు చెప్పింది. అవ్వ ఇటు తిరిగి, "మంటనేనట" అన్నది.

"మంట అని నేనే చెప్తి గద! ముందా ఎనుకనా?"

"ఆడపిల్ల గవన్నీ ఎట్ల చెప్తదయ్యా? మంట అంటే మంటనే."

"సరే. దూప అయితాందా?"

మళ్లీ లోపల పెద్ద గుసగుస. "అన్నం తింటాంది" అన్నది అవ్వ.

తాత పెన్సిల్‌తో తల గోక్కున్నాడు. "ఉప్పు ఇష్టమా, పులుపు ఇష్టమా?"

"కడుపుతోని ఉన్న పిల్లకు పులుపు గాక ఏం ఇష్టముంటది? గిది గూడ బుక్కుల చూసి అడగాల్నా?" అవ్వ లోపలికి తిరగనైనా తిరగలేదు.

ఆ రోజు అమ్మ మసాలా గిన్నె తీసుకోవడానికి వచ్చి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. తాత ఏదో ఒకటి ఎంచి గోలీలు ఇచ్చాడు. మరునాడు ఇంకొకటి మార్చాడు. చిన్నమ్మకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఆ తర్వాత ఒక పొద్దున ఆమె లేవలేదు. అంత ఎండలో రెండు బొంతలు కప్పుకుని వణుకుతున్నది. నడుము పట్టుకుని మూలుగుతున్నది. అవ్వ నుదురు పట్టి చూసి చెయ్యి తీసేసింది. ఇంట్లో నవ్వు ఆగిపోయింది. పోయినసారి కడుపు పోయింది కూడా ఇలాంటి జ్వరంతోనేనని అమ్మ మెల్లగా అన్నది.

తాత ఆ రోజు చెట్టు కిందికి పోలేదు. వచ్చినవాళ్లను బాపు వెనక్కి పంపాడు. తాత నడింట్లోనే పుస్తకంలో తల దూర్చి కూర్చుని, ఒక చోట ఆగి, ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. స్టాఫిసాగ్రియా అనే మందు. కొత్తగా పెండ్లయిన ఆడవాళ్లకు, కోపం లోపలే మింగుకునేవాళ్లకు వచ్చే మూత్రమంటకు అది పనిచేస్తుందని ఆ హోమియో వాళ్ల నమ్మకం. తాత ఆ బుడ్డి చేత పట్టుకుని లేచి అర్ర గడప దాకా వచ్చాడు. అవ్వను అడగమనలేదు. తలుపు దిక్కు చూస్తూ తనే అడిగాడు.

"ఇగో బిడ్డా, నువ్వు లోపట ఏమన్న కోపం మింగుకున్నవా? ఎవల మీదనన్న సరే, చెప్పు."

"ఏం అడుగుడయ్యా అది!" అవ్వ గయ్యిమన్నది. "మన ఇంట్ల దానికేం తక్కువైంది?"

లోపలి నుంచి చిన్నమ్మ గొంతు వచ్చింది. ఆ గొంతు గుసగుస కాకుండా తాతకు వినపడటం అదే మొదలు.

"మీ మీదనే మామా."

అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

"చెప్పు బిడ్డా" అన్నాడు తాత.

చిన్నమ్మకు పండ్లు కొట్టుకుంటున్నాయి. అయినా ఆపలేదు. "పొద్దున కెళ్లి మీరు యాపచెట్టు కింద కూసుంటరు. మీ సుట్టూ మంది. జాలారుకు పోవాల్నంటే వాళ్ల నడుమకెళ్లి పోవాలె. ఎట్ల పోత? అన్నాలయాల్ల దాక ఉగ్గబట్టుకుంట. పొద్దుమీకంగ మళ్ల వస్తరు. దూపైతె నీళ్లు గూడ తాగ. తాగితె పోవాలె గద. అక్కకు గంతే, అత్తమ్మకు గంతే. పిల్లకు గూడ గందుకే వచ్చింది. మీరు గోలీలిస్తరు గని, పోయే తొవ్వల మీరే అడ్డం కూసుంటరు మామా."

అవ్వ తిడుతుందని నేననుకున్నాను. అవ్వ గడప మీద కూలబడి, "నిజమే చెప్తాంది" అన్నది. "నాకు గూడ ఎన్నేండ్ల సందో ఉన్నది."

"మరి నాకెందుకు చెప్పలె?" అన్నాడు తాత.

"నువ్వు అడిగితివా?"

తాత బుడ్డిని గడిలో పెట్టి పెట్టె మూశాడు. వణుకు జ్వరం, నడుము నొప్పి, అందులో కడుపుతో ఉన్న మనిషి అయితే పెట్టె ముట్టకుండా దవాఖానకు పంపమని బంగాళీ బాబే చెప్పిపోయాడట. "నాదే ఆలస్యం" అని మాత్రం అన్నాడు. బండి కట్టమని బాపుకు చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషన్ దిక్కు నడిచాడు, రైలు వచ్చే వేళ కనుక్కోవడానికి. మొగ డాక్టరు ముట్టుకుంటే ఎట్లా అని అవ్వ గొణుగుతుంటే, సికింద్రాబాదులో ఆడ డాక్టరు ఉన్నదని స్టేషన్‌లో కనుక్కుని వచ్చాడు. ఆడవాళ్లను పరీక్ష చేసే గదిలోకి తాత రాడు, అవ్వకు తెలుగు తప్ప ఏమీ రాదు, నేను బడిలో ఉర్దూ చదువుతున్నాను. అందుకని నన్ను కూడా రైలెక్కించారు. చిన్నమ్మ తల అవ్వ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. తాత రైలు డబ్బా తలుపు దగ్గరే నిలబడి, ప్రతి స్టేషన్‌లో దిగి ముంతలో చల్లటి నీళ్లు పట్టుకొచ్చాడు. "తాగు బిడ్డా" అని తనే అందించాడు. చిన్నమ్మ తల మీద కొంగు సవరించుకునే ఓపిక లేక అట్లనే తాగింది.

దవాఖానలో తెల్లచీర కట్టిన మదరాసు డాక్టరమ్మ ఉండేది. చిన్నమ్మ మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, వెలుగుకు ఎత్తి చూసి, స్పిరిట్ దీపం మీద కాచింది. అవ్వ నా చెవిలో, "గిదేం వంటనే?" అన్నది. ఆ దిగులులో కూడా నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ చిన్నమ్మను అక్కడే ఉంచుకుంది. తెల్లటి పెద్ద గోలీలు, నోరంతా ఉప్పగా అయ్యే మందునీళ్లు ఇచ్చారు. తన వచ్చీరాని ఉర్దూలో ఆమె చెప్పిందంతా ఇదీ: నీళ్లు బాగా తాగాలి, వచ్చినప్పుడు ఆపుకోకుండా పోవాలి. నేను ఆ మాట అవ్వకు చెబితే అవ్వ తల దించుకుంది. జ్వరం తగ్గడానికి కొన్నాళ్లు పట్టింది. చిన్నాయిన రోజూ మిల్లు నుంచి వచ్చి మంచం పక్కన నిలబడి బత్తాయిలు ఒలిచేవాడు. కడుపు నిలిచింది. డాక్టరమ్మ కడుపు మీద గొట్టం పెట్టి బిడ్డ గుండె చప్పుడు విని, "హై, హై", ఉంది, ఉంది అన్నప్పుడు అవ్వ ఆ దవాఖాన గోడకే దండం పెట్టింది.

మేము చిన్నమ్మను తీసుకుని తిరిగి వచ్చేసరికి దొడ్లో బెంచీ లేదు. తాత కొన్నాళ్ల ముందే వెనక్కి వచ్చి బెంచీని ఇంటి ముందు అరుగు మీదికి చేర్పించాడు. వెనుక గల్లీ దర్వాజకు గొళ్లెం పెట్టించాడు. జాలారు గోడ మనిషెత్తు లేపించి, తలుపుగా వెదురు తడక కట్టించాడు. ముందు అరుగు మీద గుట్ట వేడికి జనం చెమటలు కక్కుకుంటూ, "ఏంది తాతా, సల్లటి చెట్టు ఇడిచి గిట్ల పొయ్యిల కూసున్నవ్?" అంటే, "మందు ఇక్కడనే మంచిగ పనిజేస్తది" అనేవాడు. ముచ్చట్ల కోసం వచ్చేవాళ్లు తగ్గిపోయారు. నిజంగా ఒంట్లో బాగాలేనివాళ్లే ఆ ఎండకు ఓర్చుకుని వచ్చేవారు. అవ్వ మాత్రం వచ్చిన సాయంత్రమే, ఇంకా వెలుతురుండగానే, చెంబు ఊపుకుంటూ వేపచెట్టు కిందినుంచి జాలారు దాకా పోయి, ఏ పనీ లేకుండా ఊరికే తిరిగివచ్చింది. "తొవ్వ చూసొస్తున్న" అన్నది అమ్మతో. ఇద్దరూ పడి పడి నవ్వారు.

చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత కూడా ఆమె తాత ఎదుట తల మీద కొంగు తీయలేదు. కానీ తలుపు చాటుకు పోవడం మానేసింది. ఏదన్నా చెప్పాలంటే "మామా" అని పిలిచి నిలబడి చెప్పేది.

తాత గోలీలు పనిచేసేవా అని నా మనుమలు ఇప్పుడు అడుగుతారు. చిన్నమ్మ జ్వరం దించింది దవాఖాన మందు, అది నేను కళ్లారా చూశాను. మొన్న నా మంట తగ్గింది కూడా డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలతోనే. అయితే ఆమె నన్ను దూప గురించి అడగలేదు, కలల గురించి అడగలేదు, ఎవరి మీద కోపమున్నదో అసలే అడగలేదు. ఆమె దగ్గర అంత వేళ లేదు, బయట జనం బారులు తీరి ఉన్నారు. మా కాలంలో వేళ ఉండేది, మందు లేదు. రెండూ ఒక్క చోట దొరికిన రోజులు నేను చూసినవి తక్కువే. మా కోడలు పనిచేసే ఆఫీసులో ఆడవాళ్ల గది ఎక్కడో మెట్ల కింద ఉందట, పొద్దంతా నీళ్లు తాగకుండా గడుపుతామని మామూలుగా చెబుతుంది. వింటే నాకు కాలు నిలవదు. వెళ్లి ఆ ఆఫీసరును అడగాలనిపిస్తుంది, తాత అడిగినట్టు.

తాత నిజంగానే అడిగేవాడు. చిన్నమ్మ బిడ్డ పారాడే రోజుల్లో ఒక సంతనాడు పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. ఎడ్ల బేరానికి వచ్చి పనిలో పనిగా భార్యకు మందు తీసుకుపోదామని. "మా ఇంటామెకు ఉచ్చమంట తాతా, గోలీలియ్యి" అన్నాడు. నేను అరుగు మీద పాపను ఆడిస్తున్నాను.

"మీ ఇంట్ల జాలారు ఎక్కడున్నది?" అన్నాడు తాత.

ఆయన బిత్తరపోయాడు. "మందుకు దిక్కు చూస్తరా తాతా? ఇంటెనుక, ఈశాన్యం మూలకు."

"వాస్తు కాదయ్యా. ఆమె ఆడికి పోయే తొవ్వల ఎవలన్న కూసుంటరా?"

"మా నాయిన మంచం ఏసుకుంటడు. పొద్దంత ఆన్నే."

"మంచం ఇంటి ముందటికి జరుపు. ఆమెను కడుపునిండ నీళ్లు తాగుమను. జ్వరం గిట్ల వస్తే రైలెక్కించి సికింద్రాబాద్ తోల్కపో, నా తాన్కి రాకు. పో."

"గోలీలు?"

"ముందు మంచం సంగతి చూడు."

ఆయన రుమాలు దులుపుకుని, ముసలాయనకు మతి పోయిందని గొణుక్కుంటూ పోయాడు. పై సంతకు మళ్లీ వచ్చాడు, గంపనిండా సీతాఫలాలతో. గంప అరుగు మీద దించి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మంచం జరిపినవా?"

"జరిపిన. నాయిన ఒక్కతీర్గ తిడుతాండు."

"తిట్టనీ. ఆమె ఎట్లున్నది?"

ఆయన మొహమంతా నవ్వాడు.

"మంచిగ నీళ్లు తాగుతాంది తాతా."